చేతులకు నేర్పే చదువు

ప్రథమ చికిత్స క్లాసు ముగిసే ముందు ఇన్‌స్ట్రక్టర్ తప్పక అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. గుండె ఆగినవాళ్లకు చేసే సీపీఆర్‌లో ఛాతీని నిమిషానికి ఎన్నిసార్లు నొక్కాలి, ఎంత లోతుకు నొక్కాలి అన్నది కాదు. వాటికి హాలంతా ఒక్క గొంతుతో జవాబు చెప్పేస్తుంది. "రేపు పొద్దున పాల ప్యాకెట్టు కోసం వెళ్లారు. దుకాణం ముందు ఒకాయన ఉన్నపళంగా కుప్పకూలాడు. చుట్టూ పదిమంది ఉన్నారు. ముందుగా ఆయన పక్కన మోకాళ్ల మీద కూర్చునేది ఎవరు?" ఈ ప్రశ్న పడగానే చూపులు పక్కవాళ్ల మీదికి పోతాయి. "108కి ఫోన్ చేస్తాం సార్" అంటారు కొందరు. "ఇంకేమైనా అయితే మన మీదికొస్తుందేమో" అని వెనక వరసలో ఒకరు గొణుగుతారు.

ఇన్‌స్ట్రక్టర్ అసలు పని ఆ గొణుగుడు దగ్గర మొదలవుతుంది. సమాచారం ఇవ్వడానికి పుస్తకాలున్నాయి, వీడియోలున్నాయి. తెలిసిన పనిని పదిమంది చూస్తుండగా, పరాయి మనిషి మీద, ఆ క్షణంలోనే చేసేంత ధైర్యం చేతులకు రావాలంటే మాత్రం పక్కన నిలబడి నేర్పే మనిషి కావాలి. ఈ వృత్తిలోకి రావాలనుకునేవాళ్లు ముందుగా ఒప్పుకోవాల్సిన కొలమానం ఇదే: ఎన్ని సర్టిఫికెట్లు పంచారన్నది కాదు, ఎంతమంది తటపటాయింపు తగ్గించారన్నది.

ఈ పనిని మొట్టమొదట చేపట్టినవాళ్లలో ఒకడు సర్జన్ మేజర్ పీటర్ షెపర్డ్, బ్రిటిష్ సైన్యంలో వైద్యుడు. 1878లో లండన్ దగ్గర వూలిచ్‌లో, ఒక చర్చి బడి హాల్లో, కల్నల్ ఫ్రాన్సిస్ డంకన్‌తో కలిసి మామూలు జనానికి ప్రథమ చికిత్స పాఠాలు మొదలుపెట్టాడు. ఆ ఏడాది సెప్టెంబరు 3న వూలిచ్ దాపునే థేమ్స్ నదిలో 'ప్రిన్సెస్ ఆలిస్' అనే ప్రయాణికుల నౌక మునిగి 600 మందికి పైగా చనిపోయారు. ఆ హాల్లో నేర్చుకున్న పాఠానికి అంత త్వరగా, అంత దగ్గరలో అవసరం పడింది. షెపర్డ్ ఆ తర్వాత ఎంతోకాలం బతకలేదు. 1879 జనవరి 22న దక్షిణాఫ్రికాలో ఇసాండ్ల్వానా యుద్ధంలో మరణించాడు. అతను సిద్ధం చేసుకున్న పాఠాలను జేమ్స్ కాంట్లీ అనే వైద్యుడు పూర్తిచేసి పుస్తకంగా తెచ్చాడు. షెపర్డ్ పౌరులకు నేర్పింది కొద్ది నెలలే. అతను మొదలుపెట్టిన పద్ధతి మాత్రం సెయింట్ జాన్ అంబులెన్స్ అనే సంస్థ ద్వారా మన ఊళ్ల దాకా వచ్చింది.

సీపీఆర్ చరిత్ర ఇంకా దగ్గరిది. 1960లో అమెరికాలోని జాన్స్ హాప్‌కిన్స్‌లో కౌవెన్‌హోవెన్, జూడ్, నికర్‌బాకర్ అనే ముగ్గురు ఛాతీ తెరవకుండా పైనుంచి నొక్కి రక్తాన్ని నడిపించవచ్చని ప్రకటించారు. వాళ్లలో కౌవెన్‌హోవెన్ ఎలక్ట్రికల్ ఇంజినీరు. నోటితో శ్వాస అందించే పద్ధతిని దాదాపు అదే కాలంలో పీటర్ సఫర్ అనే వైద్యుడు నిరూపించాడు. కానీ బతికున్న మనిషి ఛాతీ మీద సాధన చేయలేరు కదా. ఆ చిక్కును విప్పింది నార్వేలోని స్టావెంగర్ పట్టణంలో ప్లాస్టిక్ ఆటబొమ్మలు చేసే ఆస్మండ్ లేర్డాల్. అంతకు కొన్నేళ్ల ముందు చిన్నపిల్లాడైన తన కొడుకు నీళ్లలో మునిగి చావు అంచుదాకా వెళ్తే పైకి లాగి బతికించుకున్న తండ్రి ఆయన. ఆయన చేసిన 'రెసస్సీ యాన్' అనే బొమ్మ 1960లో వచ్చింది. పారిస్‌లో సెయిన్ నదిలో దొరికిందని చెప్పుకునే అజ్ఞాత యువతి ముఖపు అచ్చు నుంచి ఆ బొమ్మకు ముఖం తీసుకున్నారు. నేర్చుకునేవాళ్లు జంకు లేకుండా దగ్గరికి రావాలన్నది ఆయన ఆలోచన. బొమ్మ రూపం దగ్గరే సంకోచం గురించి ఆలోచించిన తొలి మనిషి అని లేర్డాల్‌ను చెప్పుకోవచ్చు.

ఇక ఇన్‌స్ట్రక్టర్ కావడం ఎలా? మన దేశంలో దారులు కొన్ని ఉన్నాయి. సెయింట్ జాన్ అంబులెన్స్, ఇండియన్ రెడ్‌క్రాస్ ప్రథమ చికిత్సలో శిక్షణ ఇస్తాయి. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ అనుబంధ శిక్షణ కేంద్రాలు పెద్ద నగరాల్లో ఉన్నాయి. ఆ పద్ధతిలో ముందు చికిత్స చేయడం నేర్పే ప్రొవైడర్ కోర్సు పూర్తిచేయాలి, తర్వాత ఇన్‌స్ట్రక్టర్ కోర్సు, ఆపైన సీనియర్ ఒకరు గమనిస్తుండగా స్వయంగా క్లాసు తీసుకుని చూపించాలి. అప్పుడిచ్చే కార్డు గడువు రెండేళ్లు. ఇండియన్ రిససిటేషన్ కౌన్సిల్ 2017లో మన పరిస్థితులకు తగిన మార్గదర్శకాలు తెచ్చింది. సామాన్యులకు నోటితో శ్వాస ఇవ్వడం వదిలేసి, ఛాతీ మీద నొక్కడం ఒక్కటే నేర్పే 'కోల్స్' పద్ధతి అందులోదే. మన ఊళ్లలో నేర్పబోయేవాళ్లు దీన్ని క్షుణ్ణంగా చదువుకోవాలి. ముక్కూ మొహం తెలియని మనిషి నోటికి నోరు ఆనించాలంటే వెనక్కి తగ్గేవాళ్లు, చేతులతో నొక్కడానికైతే ముందుకొస్తారు.

చాలామందికి ఇది పూర్తికాలపు ఉద్యోగం కాదు. నర్సులు, 108 అంబులెన్సుల్లో పనిచేసిన ఈఎంటీలు (అత్యవసర వైద్య సిబ్బంది), ఫైర్ సిబ్బంది, రిటైరైన సైనిక వైద్య సిబ్బంది తమ పనితో పాటు చేస్తుంటారు. పిలిచేవాళ్లు మాత్రం తక్కువేం లేరు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 45వ సెక్షనే ప్రతి 150 మంది కార్మికులకు ఒక ప్రథమ చికిత్స పెట్టె ఉండాలనీ, దాని బాధ్యత గుర్తింపు పొందిన సర్టిఫికెట్ ఉన్నవారి చేతిలో ఉండాలనీ చెప్పింది. పిలిచేవాళ్లలో స్కూళ్లు, జిమ్‌లు, అపార్టుమెంట్లు, ఐటీ కంపెనీలు ఈమధ్య కాలంలో చేరాయి. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ ఆరాంఘర్ చౌరస్తా దగ్గర కుప్పకూలిన వ్యక్తికి ఒక ట్రాఫిక్ కానిస్టేబుల్ సీపీఆర్ చేసి బతికించిన వీడియోను తెలుగునాట చూడనివాళ్లు అరుదు. మార్చి 1న తెలంగాణ ప్రభుత్వం రాష్ట్రవ్యాప్త సీపీఆర్ శిక్షణను మొదలుపెట్టింది. "మాకూ నేర్పండి" అని జనమే అడిగే కాలం ఇది.

అడిగినవాళ్లకు ఏం చూపిస్తామన్నదే ప్రశ్న. చాలా క్లాసులు స్లైడ్లతో మొదలై స్లైడ్లతోనే అయిపోతాయి. గుండెకు నాలుగు గదులు, రక్తనాళాల పేర్లు, గంటన్నర ఉపన్యాసం, చివర్లో ఇద్దరు వాలంటీర్లు బొమ్మ మీద నాలుగుసార్లు నొక్కడం, గ్రూపు ఫొటో. ఒడ్డున కూర్చోబెట్టి ఈత నేర్పినట్టే ఇది. క్లాసు రెండు గంటలైతే అందులో గంటకు పైగా బొమ్మల మీదే గడవాలి, వచ్చిన ప్రతి ఒక్కరూ కనీసం రెండు నిమిషాలు ఏకబిగిన నొక్కాలి. రెండు నిమిషాలు గడిచేసరికి చెమట పడుతుంది, భుజాలు లాగుతాయి, ఒత్తిడి లోతు తగ్గిపోతుంది. ప్రతి రెండు నిమిషాలకు మనిషి మారాలన్న నియమం ఎందుకు పెట్టారో అప్పుడు చెప్పకుండానే తెలుస్తుంది.

వైద్యవిద్యలో పేరున్న పెయ్టన్ నాలుగు దశల పద్ధతి ఇక్కడ బాగా పనికొస్తుంది. ముందు ఇన్‌స్ట్రక్టర్ మాట్లాడకుండా అసలు వేగంతో చేసి చూపిస్తారు. రెండోసారి ఆగి ఆగి, ఎందుకో చెబుతూ చేస్తారు. మూడోసారి నేర్చుకునేవారు చెబుతుంటే ఇన్‌స్ట్రక్టర్ చేస్తారు. నాలుగోసారి నేర్చుకునేవారే చెబుతూ చేస్తారు. మొదటి దశను దాటేయాలనిపిస్తుంది, మాట్లాడకుండా ఉండటం ఇన్‌స్ట్రక్టర్లకు కష్టం. కానీ మాటల్లేని ఆ ఒక్క నిమిషంలోనే పని రూపం కళ్లలో పడుతుంది.

కొన్ని చిక్కులు మనవే, విదేశీ మాన్యువల్‌లో దొరకవు. నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కాలి, 30 దాకా పైకి లెక్కపెట్టాలి అంటాం. తెలుగులో లెక్కపెట్టేవాళ్ల వేగం పదకొండు దాటాక పడిపోతుంది. 'ఇరవై తొమ్మిది' అనే మాట నోటినుంచి పూర్తిగా వచ్చేలోపు చేయి ఇంకోసారి కిందికి దిగి లేవాలి. నోరు ఆలస్యమైతే చేయీ ఆలస్యమవుతుంది. అందుకని ఒకటి నుంచి పది దాకా మూడుసార్లు లెక్కపెట్టమంటే సరిపోతుంది. ఫోన్‌లో మెట్రోనోమ్ యాప్ 110 దగ్గర పెట్టి టిక్కుటిక్కుమనే శబ్దానికి నొక్కించినా మంచిదే.

ఇంకోటి మంచం. మన ఇళ్లలో రాత్రిపూట గుండె ఆగిన మనిషి పరుపు మీదో, నవారు మంచం మీదో ఉంటారు. అక్కడే నొక్కితే ఛాతీ బదులు మంచం కుంగుతుంది. దుప్పటితో సహా కిందికి దించి నేల మీద పడుకోబెట్టడం క్లాసులో చేయించాలి, నోటితో చెప్పి వదిలేయకూడదు. చీర కట్టుకున్న ఆడవాళ్లు మోకాళ్ల మీద కూర్చోవడానికి ఇబ్బంది పడతారు. కొంగు నడుముకు బిగించి, కుచ్చిళ్లు కాస్త పైకి దోపుకుని కూర్చోవచ్చని ఒక మహిళా ఇన్‌స్ట్రక్టర్ చేసి చూపిస్తే ఆ ఇబ్బంది అక్కడితో పోతుంది. మోచేతులు వంచకుండా, భుజాలు సరిగ్గా చేతుల పైకి వచ్చేలా వంగి, ఛాతీ మధ్యనున్న ఎముక కింది సగం మీద అరచేతి మడమతో 5 సెంటీమీటర్లు, ఆరుకు మించకుండా నొక్కాలి. నొక్కిన ప్రతిసారీ ఛాతీని పూర్తిగా పైకి లేవనివ్వాలి. ఈ చివరి సంగతినే ఎక్కువమంది మరిచిపోతారు. పైకి లేచినప్పుడే గుండెలోకి రక్తం తిరిగొస్తుంది మరి.

ఎప్పుడు నొక్కాలన్నది ఎలా నొక్కాలన్నదాని కంటే కష్టమైన పాఠం. వాట్సాప్‌లో తిరిగే కొన్ని వీడియోల్లో కళ్లు తెరిచి కదులుతున్న మనుషుల ఛాతీ మీద కూడా నొక్కేస్తుంటారు. గుండెపోటు వచ్చి ఛాతీ పట్టుకుని మాట్లాడుతున్న మనిషికి సీపీఆర్ అక్కర్లేదు. ఆయన్ను కూర్చోబెట్టి ఆసుపత్రికి చేర్చాలి. భుజం తట్టి పిలిచినా పలకనివాళ్లకు, మామూలుగా ఊపిరి తీసుకోనివాళ్లకు మాత్రమే నొక్కాలి. అయితే ఇక్కడో ప్రమాదం ఉంది. గుండె ఆగిన మొదటి నిమిషాల్లో కొందరు నోరు తెరిచి, ఆగి ఆగి, గురకలాంటి శబ్దంతో ఎగశ్వాస పెడతారు. చుట్టూ ఉన్నవాళ్లు "ఊపిరి ఆడుతోంది, ఏం కాలేదు" అని చేతులు కట్టుకుని నిలబడేది అప్పుడే. పల్లెల్లో పెద్దవాళ్లకు ఈ ఎగశ్వాస బాగా తెలుసు. వాళ్లు ఎన్నోసార్లు చూసిన దాన్నే గుర్తుచేసి, "అది ఊపిరి కాదమ్మా, ఆ శబ్దం వినపడితే నొక్కడం మొదలుపెట్టాలి" అని చెబితే ఆ పాఠం మరిచిపోరు. ఇన్‌స్ట్రక్టర్ ఆ శబ్దాన్ని స్వయంగా చేసి వినిపించడానికి సిగ్గుపడకూడదు.

సిగ్గు మాట వచ్చింది కాబట్టి ఆడవాళ్ల గురించి చెప్పుకోవాలి. అమెరికాలో 2017లో వెలువడ్డ ఒక పరిశోధన ప్రకారం బహిరంగ ప్రదేశాల్లో గుండె ఆగినప్పుడు చుట్టూ ఉన్నవాళ్ల నుంచి సీపీఆర్ అందింది మగవాళ్లలో 45 శాతం మందికైతే, ఆడవాళ్లలో 39 శాతం మందికే. పరాయి స్త్రీ ఛాతీ మీద చేయి వేయాలంటే మన దగ్గర సంకోచం ఇంకా ఎక్కువే ఉంటుంది. శిక్షణ బొమ్మల్లో ఎక్కువ వాటికి ఛాతీ మగవాళ్లదిలా చదునుగా ఉంటుంది. ఆ బొమ్మ మీదే నేర్చుకున్న కుర్రాడు బస్సులో స్పృహ తప్పిన ఆడమనిషి ముందు ఆగిపోతే తప్పు అతనిదొక్కడిదే కాదు. బొమ్మకు ఒక చున్నీ కప్పి, జాకెట్టు తొడిగి సాధన చేయించడానికి పెద్ద ఖర్చేమీ కాదు. బట్టల మీదుగానే నొక్కవచ్చనీ, పక్కనున్న ఆడవాళ్లను చుట్టూ నిలబడమని అడగవచ్చనీ చెప్పాలి. ఈ విషయం క్లాసులో ఎత్తాలంటే మొహమాటపడే ఇన్‌స్ట్రక్టర్ తన మొహమాటాన్నే విద్యార్థులకు నేర్పి పంపుతారు.

పోలీసు కేసు భయం ఇంకో పెద్ద గోడ. రోడ్డు ప్రమాదాల విషయంలో దీనికి చట్టపరమైన జవాబు ఉంది. 2016 మార్చిలో సుప్రీంకోర్టు సేవ్‌లైఫ్ ఫౌండేషన్ కేసులో సాయపడేవాళ్ల రక్షణకు మార్గదర్శకాలను ఖాయం చేసింది. 2019 మోటారు వాహనాల సవరణ చట్టం 134ఎ సెక్షన్ ద్వారా అది చట్టంలోకే ఎక్కింది. మంచి మనసుతో సాయం చేసినవారి మీద, బాధితుడికి ఏమైనా జరిగినా, కేసు పెట్టడానికి వీల్లేదు. పేరు చెప్పమని బలవంతపెట్టకూడదు. ఈ నాలుగు మాటలు ఒక కాగితం మీద తెలుగులో అచ్చువేసి చేతికిస్తే ఇంటికి తీసుకెళ్తారు, ఇంకొకరికి చూపిస్తారు.

పల్లెల్లో క్లాసు తీసుకునేవాళ్లకు వేరే పరీక్ష ఎదురవుతుంది. ఫిట్స్ వస్తే చేతిలో తాళాలగుత్తి పెట్టడం, కాలితే టూత్‌పేస్టో సిరానో పూయడం, పురుగులమందు తాగినవాళ్లకు ఉప్పునీళ్లు పట్టి వాంతి చేయించడం, పాము కరిస్తే పైన గుడ్డతో బిగించి కట్టి గాటు పెట్టడం మన ఊళ్లలో తరతరాలుగా చేస్తున్నవే. వీటిని మూఢనమ్మకాలని మొదటి వాక్యంలోనే తోసిపారేస్తే ఆ గది తలుపులు మూసుకుపోతాయి. "మీ ఊళ్లో పాము కరిస్తే ముందేం చేస్తారు?" అని అడిగి, అందరినీ చెప్పనిచ్చి, ఆ తర్వాత ఒక్కొక్కటీ విప్పాలి. మన దేశంలో 2000 నుంచి 2019 వరకు పాముకాట్లతో ఏడాదికి సగటున 58,000 మంది చనిపోయారని ఒక పెద్ద అధ్యయనం లెక్కగట్టింది. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్న పింజరి ఈ నాలుగూ ఎక్కువ ప్రాణాలు తీసేవి. బిగించి కడితే కాలు కుళ్లిపోయే ప్రమాదం ఉంది, కోస్తే రక్తం పోతుంది, మంత్రం కోసం ఆగితే సమయం పోతుంది. కాలు కదలకుండా చెక్కతో ఆనించి కట్టడం, గాజులు, ఉంగరాలు, మెట్టెలు తీసేయడం, ధైర్యం చెప్పి యాంటీ వెనమ్ ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్లడం ఎవరైనా చేయగలరు. ఏదో ఒకటి చేయాలన్న ఆత్రం ఉన్నవాళ్లకు చేయదగిన పని చూపిస్తే చేయకూడని పని దానంతట అదే వెనక్కి పోతుంది. కాలిన గాయానికి టూత్‌పేస్టు వద్దని చెప్పి ఆగకుండా, కుళాయి కింద 20 నిమిషాలు పెట్టమనడం ఇలాంటిదే. పొలం మోటారు దగ్గర షాక్ కొట్టినవాణ్ని ముట్టుకోవద్దని అరవడం కంటే, ఫ్యూజు ఎక్కడుందో ఇంట్లో అందరికీ చూపించమని చెప్పడం ఎక్కువ మేలు.

ఇంత చేసినా ఫలితం ఏమిటని అడిగేవాళ్లకు డెన్మార్క్ మంచి జవాబు. అక్కడ 2005లో స్కూళ్లలో, 2006లో డ్రైవింగ్ లైసెన్సు తీసుకునేవాళ్లకు ఈ శిక్షణను తప్పనిసరి చేశారు. ఆసుపత్రి బయట గుండె ఆగినవారికి చుట్టూ ఉన్నవాళ్లు సీపీఆర్ చేసిన సందర్భాలు 2001లో 21 శాతం ఉంటే 2010 నాటికి 45 శాతానికి చేరాయి. 30 రోజుల తర్వాత బతికున్నవారు 3.5 శాతం నుంచి 10.8 శాతానికి పెరిగారు. 2021 జూన్‌లో కోపెన్‌హాగెన్ మైదానంలో ఫుట్‌బాల్ ఆటగాడు క్రిస్టియన్ ఎరిక్సన్ కుప్పకూలి, సీపీఆర్‌తో, గుండెకు కరెంటు షాక్ ఇచ్చే డీఫిబ్రిలేటర్‌తో బతికింది ఆ దేశంలోనే. తర్వాత అతను మళ్లీ ఆటలోకి వచ్చాడు.

అయితే ఆ అంకెల్లో రెండో సగాన్ని ఇన్‌స్ట్రక్టర్ దాచకూడదు. అంత బాగా నేర్చుకున్న దేశంలోనూ నూటికి దాదాపు 89 మంది బతకలేదు. మన క్లాసులో నేర్చుకున్న ఒకమ్మాయి రేపు తన తండ్రి ఛాతీ మీద అరగంట నొక్కినా ఆయన దక్కకపోవచ్చు. పక్కటెముకలు విరిగిన శబ్దం ఆమె చేతుల్లో గుర్తుండిపోవచ్చు. ఎముకలు విరగడం సీపీఆర్‌లో మామూలేననీ, నొక్కకపోతే ఆయనకు అవకాశమే ఉండేది కాదనీ ఆమెకు ముందే తెలిసి ఉండాలి. సినిమాలో లాగా నాలుగుసార్లు నొక్కగానే దగ్గి లేచి కూర్చుంటారని నమ్మించి పంపడం నేర్చుకున్నవాళ్లకు చేసే అన్యాయం. శిక్షణ ఇచ్చినవాళ్ల ఫోన్ నంబరు ఆ అమ్మాయి దగ్గర ఉండాలి. ఆ రాత్రో, ఆ వారమో మాట్లాడాలనిపిస్తే మాట్లాడేందుకు.

ఒక్కసారి నేర్చుకున్న నైపుణ్యం మూడు నుంచి ఆరు నెలల్లోనే సడలిపోతుందని పరిశోధనలు పదేపదే చూపించాయి. రెండేళ్ల కార్డు జేబులో ఉన్నంతమాత్రాన చేతులకు గుర్తుండదు. మొదటి క్లాసు ఒప్పుకునేటప్పుడే రెండో తేదీ కూడా రాయించుకోవడం మంచి అలవాటు. ఆ రెండోసారి రెండు గంటలు అక్కర్లేదు. డ్వాక్రా సంఘం నెలవారీ మీటింగుకు, ఫ్యాక్టరీ షిఫ్టు మారే వేళకు బొమ్మను తీసుకెళ్లి ఒక మూల పెడితే చాలు. ఉపన్యాసం లేకుండా, స్లైడు లేకుండా ఒక్కొక్కరినీ నేరుగా రెండు నిమిషాలు నొక్కమనాలి. ఎవరి మోచేయి వంగుతోందో, ఎవరు వేగం తప్పుతున్నారో మొదటి అరనిమిషంలోనే కనిపిస్తుంది. అక్కడికక్కడే సరిదిద్ది, బొమ్మ ముఖం స్పిరిట్‌తో తుడిచి, తర్వాతివాళ్లను పిలవాలి.